థాయ్ మసాజ్: వీపు మీద నొక్కేటప్పుడు బొటనవేలి మొదట్లో పోటు

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో 30 గంటల థాయ్ మసాజ్ బేసిక్ కోర్సు చేస్తున్నాను. కాళ్లు, చేతుల వరకు ఇబ్బంది లేదు. బోర్లా పడుకోబెట్టి, వెన్నెముకకు రెండు పక్కలా ఉండే సేన్ గీతల (థాయ్ మసాజ్‌లో ఒంట్లో శక్తి ప్రవహిస్తుందని చెప్పే దారుల) మీద బొటనవేళ్లతో నొక్కేటప్పుడే సమస్య. నడుము నుంచి భుజాల దాకా రెండుసార్లు వెళ్లొచ్చేసరికి కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, సన్నగా పోటు మొదలవుతుంది. రెండు గంటల పూర్తి సెషన్ చేస్తే మర్నాడు పొద్దున సీసా మూత తిప్పడం కూడా కష్టమే. వాపు లేదు, తిమ్మిరి లేదు, ఎడమ చేతికి ఏమీ లేదు.

మోచేతులు వంచకుండా, భుజాలను సరిగ్గా చేతుల పైకి తెచ్చి, తుంటి నుంచి ముందుకు వాలి ఒంటి బరువు మాత్రమే వేస్తున్నాను. వేలి కొనతో కాకుండా మెత్తటి భాగంతో నొక్కుతున్నాను. ముందు అరచేతులతో కండ వదులు చేస్తున్నాను. తొడల వెనక ముంజేయి వాడితే హాయిగా ఉంది. కానీ వెన్నుపూసకు అంత దగ్గరగా మోచెయ్యి పెట్టడం క్షేమం కాదని నా అభిప్రాయం. రాత్రి ఐసు పెడితే తగ్గుతుంది, మళ్లీ ప్రాక్టీసుకి కూర్చోగానే వస్తుంది.

అసలు కారణం ఇదేననుకుంటున్నాను: బరువు పడగానే గోరు కింది కణుపు వెనక్కి వంగిపోతోంది. మిగతా నాలుగు వేళ్లూ వీపు మీద పరిచి ఆసరా ఇచ్చినా ఆగట్లేదు. కండ గట్టిగా ఉన్నవాళ్ల మీద మరీ ఎక్కువ.

ఇలా కణుపు వెనక్కి వంగే చేతులున్నవాళ్లు వీపు సేన్ గీతల మీద బొటనవేలికి బదులు ఏ పట్టు వాడుతున్నారు?