బెర్సెర్క్‌ను కొత్త పాఠకుడి చేతిలో పెట్టొచ్చా? పెడితే ఏ వాల్యూమ్ నుంచి?

ఓరుగల్లు_చదువరి

మా బాబాయి కొడుకు బీటెక్ మూడో సంవత్సరం, ఇరవై ఏళ్లు నిండాయి. కుర్రాళ్ల కోసం రాసే యాక్షన్ మాంగాలన్నీ (జపాన్ బొమ్మల కథలు) చదివేశాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు "అన్నా, ఇంకాస్త బరువున్నది ఏదైనా చెప్పు" అని అడిగాడు. నోటిదాకా వచ్చిన పేరు బెర్సెర్క్. చెప్పబోయి ఆగిపోయాను. నేను చదివి ఎనిమిదేళ్లవుతోంది, కొన్ని పేజీలు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవు. వాటిలో మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేవి ఉన్నాయి, చూడకుండా ఉంటే బాగుండేదనిపించేవీ ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెంటారో మియురా 1989లో మొదలుపెట్టిన మాంగా ఇది. మధ్యయుగాల యూరప్‌ను పోలిన లోకం, గట్స్ అనే కిరాయి సైనికుడు, మనిషెత్తు కత్తి, ఒకప్పటి స్నేహితుడు గ్రిఫిత్ మీద పగ. మియురా 2021 మేలో 54 ఏళ్లకే పోయారు. 2022 నుంచి ఆయన స్నేహితుడు కోజి మోరి పర్యవేక్షణలో, ఆయన దగ్గర పనిచేసినవాళ్ల స్టూడియో గాగా దీన్ని కొనసాగిస్తోంది. మనం చదివేది డార్క్ హార్స్ వేసిన ఇంగ్లీషు అనువాదం.

ఇలాంటివి అలవాటు లేనివాడికి ఇది చెప్పొచ్చా? చెబితే మొదటి వాల్యూమ్ నుంచా, లేక మూడో వాల్యూమ్‌లో మొదలయ్యే గోల్డెన్ ఏజ్, అంటే గట్స్ గతం చెప్పే భాగం నుంచా? స్పాయిలర్లు తప్పవు, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

సీసపెన్సిల్

గోల్డెన్ ఏజ్ నుంచే. మొదటి వాల్యూమ్ చూసి పుస్తకం మూసేసినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. తెరవగానే ఆడమనిషి రూపంలో ఉన్న రాక్షసితో గట్స్ పడక, ఆ వెంటనే ఇనుప చేతిలోంచి ఫిరంగి దెబ్బ. అప్పటికి మియురాకు 23 ఏళ్లు, గీత ఇంకా కుదురుకోలేదు. పక్ అనే బుల్లి ఎల్ఫ్ కనిపించినప్పుడు తప్ప ఊపిరి తీసుకునే చోటే ఉండదు. ఇదంతా నెత్తురు కోసం రాసిన కథేలే అనుకుంటారు, అక్కడితో సరి.

గోల్డెన్ ఏజ్‌లో అలా కాదు. ఉరితీసిన తల్లి శవం కింద బురదలో దొరికిన పసివాడు, వాణ్ని పెంచిన గాంబినో, తర్వాత గ్రిఫిత్ నడిపే కిరాయి సేన గద్దల దళం, అందులోని కాస్కా, అన్నీ ఒక వరసలో వస్తాయి. లేదంటే 1997లో వచ్చిన యానిమే (బొమ్మల టీవీ సీరియల్) చూపించండి. 25 ఎపిసోడ్‌లే. ఆ తర్వాత పుస్తకం ఇవ్వండి.

నల్లసిరా

సీసపెన్సిల్ గారూ, మీరు చూపించమంటున్న ఆ యానిమే మొదటి ఎపిసోడ్‌లో ఉన్నది కూడా మొదటి వాల్యూమ్‌లోని నల్ల దుస్తుల గట్సే కదండీ. రెండో దాంట్లో గాని వెనక్కి పోదు. తీసినవాళ్లకే ఆ ముందుమాట లేకుండా కుదరలేదు.

మూడో వాల్యూమ్‌లో కౌంట్ కథ ముగింపు ఒక్కసారి గుర్తు చేసుకోండి. గట్స్ చేతిలో ఓడి చావుబతుకుల్లో ఉన్న ప్రభువు కౌంట్ ముందు గాడ్ హ్యాండ్ అనే దుష్టశక్తుల గుంపు ప్రత్యక్షమై బేరం పెడుతుంది. నీ ప్రాణానికి ప్రాణమైన మనిషిని బలి ఇవ్వు, నీకు మళ్లీ బతుకునిస్తాం అంటుంది. పక్కనే కూతురు థెరీషియా. ఇంతకుముందు ఇదే బేరంలో భార్యను ఇచ్చేసి రాక్షసుడైన మనిషి అతను, మనుషుల్ని తిన్నవాడు. ఒక్క మాట అంటే చాలు. అనలేకపోతాడు. అనలేక నరకానికి పోతాడు. బేరం పెట్టినవాళ్లలో గ్రిఫిత్ ఉంటాడు.

కథ గట్స్ పుట్టుకకు వెళ్లేది ఇదంతా అయ్యాకే. కాబట్టి గోల్డెన్ ఏజ్‌లో గ్రిఫిత్ వెలిగిపోయే ప్రతి పేజీలోనూ ఇతను ఏమవుతాడో మనకు ముందే తెలుసు. ఎప్పుడు, ఎందుకు అన్నదే తెలియదు. ఆ నీచుడు కౌంట్ అనలేకపోయిన మాట గ్రిఫిత్ అంటాడు. మొదటి రెండున్నర వాల్యూమ్‌లూ ఎత్తేస్తే ఆ మాట ఎంత బరువైనదో తూచుకోవడానికి పాఠకుడి దగ్గర రాయి ఉండదు.

ఇంకొకటి. తండ్రిని పోగొట్టుకున్న థెరీషియా నిన్ను చంపుతానని గట్స్ మీద అరుస్తుంది. రా, ఎప్పుడైనా వచ్చి చంపు అన్నట్టు మాట్లాడి అతను వెళ్లిపోతాడు. అటు తిరిగాక ఒక ఫ్రేములో ముఖం కనబడుతుంది. ఏడుస్తుంటాడు. అంతవరకూ మనం చూసిన కరకు మనిషికి లోపల ఏదో ఉందని మియురా మొదట చెప్పింది అక్కడే. దాన్ని దాటేసి రమ్మని కొత్తవాళ్లకు ఎలా చెబుతాం?

పుటల_మధ్య

ఏ వాల్యూమ్ అన్నది తర్వాత. అసలు ఇవ్వాలా అని అడిగారు, దానికి మీ ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

నాకు దీన్ని ఇచ్చిన స్నేహితుడు చెప్పింది ఒక్కటే, "బొమ్మలు చూడు, మతిపోతుంది" అని. నిజంగానే మతిపోయింది. పన్నెండో వాల్యూమ్ దాకా కాస్కా కోసమే చదివాను. అంతమంది మగవాళ్లున్న దళంలో ఆజ్ఞలిచ్చే ఆడమనిషి. ఒంట్లో బాగోలేని రోజున కూడా యుద్ధానికి దిగి, అందుకు గట్స్ మాటలు పడి, తిరిగి అనే మనిషి. పన్నెండులో గ్రహణం, అంటే గ్రిఫిత్ తన దళాన్ని బలిచ్చే ఘట్టం మొదలై పదమూడో వాల్యూమ్‌లోకి సాగింది. అక్కడ ఆమెను గ్రిఫిత్ ఏం చేశాడో, ఎవరి కళ్లముందు చేశాడో చదివినవాళ్లకు తెలుసు. పుస్తకం అల్మరాలో పెట్టేసి ఆరు నెలలు ముట్టుకోలేదు. ఇలాంటిది ఉంది సుమా అని ఇచ్చినవాడు ఒక్క ముక్క అనలేదు.

ఆ తర్వాతిది ఇంకా కష్టం. కాస్కాకు మతిపోతుంది, మాట పోతుంది. జపాన్‌లో ఆ గ్రహణం అచ్చయింది 1990ల నడుమ, ఆమెకు తెలివి వచ్చిన చాప్టర్ 2018లో. ఇరవై ఏళ్లకు పైగా ఆమె ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషి. బాధ ఆమెది, కథ గట్స్‌ది. ఇది లోపమే అంటాను. గోల్డెన్ ఏజ్‌లో వచ్చే వయల్డ్ అనే రాక్షసుడి భాగం సంగతి సరేసరి. 1997 యానిమేలో వాణ్ని పూర్తిగా తీసేశారు. కథకు ఏ నష్టమూ రాలేదు.

రైలుపెట్టె

నాది వేరే అభ్యంతరం. రాసినాయన లేరు, కథ అవ్వలేదు. కొత్తవాడికి అయిపోయిన కథ ఇవ్వాలి. కరకుదనమే కావాలంటే కోయికే, కోజిమా కలిసి చేసిన లోన్ వుల్ఫ్ అండ్ కబ్ 28 వాల్యూమ్‌లు, మొదలూ తుదీ రెండూ ఉన్నాయి.

నల్లసిరా

రైలుపెట్టె గారూ, మోరి గారు దాదాపు ముప్ఫై ఏళ్ల కింద మియురా నోటివెంటే కథ చివరిదాకా విన్నారు. బళ్లో కలిసి చదువుకున్న స్నేహితులు వాళ్లు. మియురా తనతో చెప్పినదే చేస్తాను, సొంతంగా కల్పించను అని మొదలుపెట్టేటప్పుడే చెప్పారు. అదీగాక గోల్డెన్ ఏజ్ పద్నాలుగో వాల్యూమ్ దగ్గర దానికదే ఒక కథగా నిలబడుతుంది.

పుటల_మధ్య గారూ, వయల్డ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాస్కా విషయంలో సగమే. వందమందితో పోరాటం అయ్యాక కొండ మీద రాత్రి గట్స్, కాస్కా కూర్చుని మాట్లాడుకునే చోటు ఉంది కదా. కింద దళం వాళ్ల నెగళ్లు కనిపిస్తుంటాయి. ఒక్కొక్క మంట ఒక్కొక్కడి చిన్న కల, వాటన్నిటినీ తెచ్చి గ్రిఫిత్ అనే పెద్దమంటలో వేశారు, వాటిలో నా మంట లేదు, చలి కాచుకుందామని వచ్చి ఆగానేమో అంటాడు గట్స్. అప్పుడు అతని మనసు విన్నది కాస్కా ఒక్కతే. ఆ మనిషిని మియురా తేలిగ్గా గీశారని నేను అనుకోలేను.

చార్మినార్_పాఠకుడు

పుటల_మధ్య అక్కా, మీరు చెప్పింది కరెక్టే, చెప్పకుండ ఇచ్చుడు తప్పు. ఇంకో ముచ్చట చెప్త, ఇన్ని రోజులు యాడ రాయలే.

పెంచినోడే మూడు వెండి బిళ్లలకు చిన్న గట్స్‌ను ఒకనికి అప్పజెప్తడు. పెద్దయినంక తొమ్మిదో వాల్యూమ్‌ల కాస్కాతోని ఉన్నప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చి వణికిపోతడు. ఆమెకే మొదటిసారి చెప్పుకుంటడు. నా చిన్నప్పటిది నేను అప్పటిదాక ఎవ్వరికి చెప్పలే. మగపిలగానికి ఇట్ల అయితదని, పెద్దయినంక గూడ పోదని ఒక పుస్తకంల చూసుడు నాకు అదే ఫస్ట్. ఆ పేజీ చదివిన నెలకు మా అన్నకు చెప్పిన.

అందుకే ఇయ్యద్దని మాత్రం అనకుండ్రి. ఏముందో ముందుగాల చెప్పుండ్రి.

పుటల_మధ్య

తమ్ముడూ, ఇది ఇక్కడ రాసినందుకు నీకు దణ్ణం. ఆ పేజీ నాకు గుర్తుంది. ఇవ్వొద్దు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను ఆ మాట పూర్తిగా అనలేదు గానీ నా ఉద్దేశం అదే.

నల్లసిరా గారూ, నెగళ్ల సన్నివేశం నాకూ ఇష్టమే. అంత బాగా గీసిన మనిషిని అంతకాలం నోరు లేకుండా ఉంచారు కాబట్టే నా కోపం. ఆ మాట మీద ఉంటాను.

ఓరుగల్లు గారూ, మీ తమ్ముడికి చెప్పేటప్పుడు "కాస్త హింస ఉంటుంది" అని చుట్టూ తిప్పి చెప్పకండి. హింస అందరూ చూసిందే. పసివాడి మీద అత్యాచారం ఉంది, ఆడవాళ్ల మీద ఉంది, అందులో ఒకటి మనకు దగ్గరైన మనిషి మీద, 12, 13 వాల్యూమ్‌లు అని చెప్పండి. చెప్పినంత మాత్రాన కథ పాడైపోదు. ఎవరు, ఎవర్ని అన్నది చెప్పక్కర్లేదు.

సీసపెన్సిల్

కౌంట్ గురించి నల్లసిరా గారు రాసింది చదివాక నిన్న రాత్రి మూడో వాల్యూమ్ తీశాను. ఆ కన్నీళ్ల ఫ్రేము నాకు అస్సలు గుర్తులేదు. మొదటిసారి విసుగ్గా పేజీలు తిప్పేసినట్టున్నాను. యానిమే ముందు అన్న మాట మార్చుకుంటున్నా. ఒక జాగ్రత్త: 1996లో పత్రికలో వచ్చిన 83వ ఎపిసోడ్‌ను మియురా కావాలనే పుస్తకంలో చేర్చలేదు. నెట్‌లో దొరుకుతుంది. అది ముందే చదవొద్దని చెప్పండి.

ఓరుగల్లు_చదువరి

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులకు వచ్చి రాస్తున్నాను.

పెద్ద సైజు డీలక్స్ పుస్తకం మొదటిదాంట్లో 1, 2, 3 వాల్యూమ్‌లు కలిపే ఉంటాయి. నా దగ్గరున్నది అదే, కాబట్టి ఎక్కణ్నుంచి అన్న చిక్కు తీరింది. కుడి నుంచి ఎడమకు చదవడం వాడికి అలవాటే.

చేతికిచ్చే ముందు కూర్చోబెట్టి పుటల_మధ్య గారు చెప్పినట్టే చెప్పాను. ఆ మాటలు తమ్ముడి ముందు నోటితో అనడం నాకు కష్టమైంది, చెమట పట్టింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చదువుతా, ఆగాలనిపిస్తే ఆగుతా" అన్నాడు. పక్క గదిలోంచి వాడి అక్క కూడా విన్నది. తనూ చదువుదామనుకుందట. "నాకు ఇప్పుడు వద్దు అన్నయ్యా, ఎప్పుడైనా అడుగుతా" అంది. తనకు లోన్ వుల్ఫ్ మొదటి పుస్తకం ఇచ్చాను, రైలుపెట్టె గారి పుణ్యమా అని.

నిన్న రాత్రి పదకొండున్నరకు తమ్ముడి ఫోన్. కౌంట్ దగ్గరికి వచ్చాడు. "అన్నా, వీడు కూతుర్ని ఎందుకివ్వలేదు? పెళ్లాన్ని ఇచ్చాడు కదా" అని అడిగాడు. ముందు చదువు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. రెండో డీలక్స్ శనివారం బస్సులో పంపిస్తున్నాను.