చెక్‌లిస్టు పక్కనపెట్టి ప్లాంటును కాపాడినవాడికి మెమోనా, మెచ్చుకోలా?

నైట్‌షిఫ్ట్:
మా దగ్గర రెండ్రోజులుగా ఇదే గొడవ. ప్రొసీజర్లో లేని పని చేసి ఓ ఆపరేటర్ ప్లాంటు ట్రిప్ కాకుండా (దానంతటదే ఆగిపోకుండా) ఆపాడు. మేనేజరు మెచ్చుకోలు ఉత్తరం ఇద్దామంటాడు, సేఫ్టీవాళ్లు మెమో అంటారు. మీరేమంటారు?

పాతవాల్వు:
మెమోనే. ఈసారి కలిసొచ్చింది కాబట్టి హీరో అయ్యాడు. రేపు ఇంకొకడు అదే చేసి పేల్చేస్తే?

రన్‌వే:
2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన విమానం సంగతేంటి మరి? రెండు ఇంజిన్లూ పోతే చదవాల్సిన చెక్‌లిస్టు మూడు పేజీలు. బాగా ఎత్తులో ఉన్నప్పుడు పనికొచ్చేలా రాసింది. వీళ్లకు దొరికింది మూడున్నర నిమిషాలు. పైలట్ సల్లెన్‌బర్గర్ వరస చూసుకోకుండా ముందే ఏపీయూ (కరెంటిచ్చే చిన్న అదనపు ఇంజిన్) ఆన్ చేశాడు కాబట్టి కరెంటు నిలిచింది. 155 మందీ బతికారు. మెమో రాస్తారా?

పాతవాల్వు:
అందరూ సల్లెన్‌బర్గర్లు కారండీ. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం ఆపరేటర్లూ సొంత తెలివి వాడి, రియాక్టర్‌ను చల్లబరిచే ఎమర్జెన్సీ నీళ్లు తగ్గించారు. సగం కోర్ (ఇంధనం ఉండే భాగం) కరిగింది.

రన్‌వే:
సొంత తెలివి ఎక్కడిది? ప్రెషరైజర్ (రియాక్టర్ నీళ్ల ఒత్తిడిని అదుపులో ఉంచే ట్యాంకు) నీళ్లతో నిండిపోనివ్వొద్దని నేర్పారు, అదే చేశారు. ఒత్తిడి ఎక్కువైతే వదిలేసే రిలీఫ్ వాల్వు (మీ పేరే!) తెరుచుకుని ఉండిపోయి నీళ్లు పోతున్నా వాళ్లకు తెలియలేదు. ప్యానెల్ మీద లైటు వాల్వు మూసుకుందో లేదో చెప్పదు, మూయమని కమాండ్ వెళ్లిందని మాత్రమే చెబుతుంది.

లాగ్‌బుక్:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 2018 అక్టోబర్ 28 రాత్రి ఓ బోయింగ్ 737 మ్యాక్స్ విమానం ముక్కు అదేపనిగా కిందికి దిగుతుంటే, పైలట్లు ట్రిమ్ కటౌట్ స్విచ్చులు (ముక్కును పైకీ కిందికీ సర్దే మోటారును ఆపేవి) వేసి, చేత్తో ట్రిమ్ తిప్పుకుంటూ జకార్తాలో క్షేమంగా దింపారు. శభాష్ అనాల్సిందే. కానీ లాగ్‌లో స్పీడు, ఎత్తు రీడింగులు తేడా కొట్టాయని రాశారే తప్ప, స్టిక్ షేకర్ (విమానం పట్టు తప్పబోతోందని కంట్రోల్‌ను వణికించే హెచ్చరిక) ఆగకుండా పనిచేస్తూనే ఉందనీ, కటౌట్ వాడామనీ రాయలేదు. తెల్లారి అదే విమానం 189 మందితో సముద్రంలో కూలింది. ఒక్క సెన్సరును నమ్మి ముక్కును దానంతటదే కిందికి దించిన ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ డిజైన్ తప్పు, కాదనను. అయినా మనిషి సర్దుకుపోయిన ప్రతిసారీ ఆ లోపం ఇంకొన్నాళ్లు దాక్కుంటుంది. నైట్‌షిఫ్ట్ గారూ, మీ ఆపరేటర్ ఆ రోజు షిఫ్ట్ లాగ్‌లో ఏం రాశాడు?

నైట్‌షిఫ్ట్:
ఇప్పుడే చూశా. "షిఫ్ట్ నార్మల్" అని ఉంది. ఫోన్ చేసి అడిగితే, "రాస్తే మెమో ఇస్తారు కదా సార్" అన్నాడు.