18 ఏళ్ల అవుట్‌బోర్డ్ మోటారు: బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా పడవకి ఉన్నది 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు, మూడు సిలిండర్లది. నాన్న కొన్నారు, 18 ఏళ్లయింది. అంతా ఉప్పునీళ్లలోనే తిరిగింది. పొద్దున్నే రెండో లాగుకి స్టార్ట్ అవుతుంది, ఆ విషయంలో ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. గొడవంతా తర్వాతే. ఫుల్ థ్రాటిల్‌లో ఇరవై నిమిషాలు పోయాక మోటారు గొంతు మారిపోతుంది, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు పడవ మందగిస్తుంది. పోయిన నెల ఒడ్డు కనపడనంత దూరంలో రెండుసార్లు ఆగిపోయింది. అరగంట చల్లారనిచ్చి తాడు లాగితే మళ్లీ పలికింది. రెండోసారి తమ్ముడు కూడా పడవలో ఉన్నాడు, గాలేమో ఎదురు. ఆ అరగంట నాకింకా కళ్లముందే ఉంది.

మెకానిక్‌కి చూపిస్తే పైమూత తీసి చూసి "వయసైపోయింది, మార్చేయండి" అన్నాడు. ఇంకొకాయన పిస్టన్లు మారిస్తే మరో పదేళ్లు ఢోకా లేదంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ గేజీ పెట్టి కొలవలేదు. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. పాతదానికి ఖర్చుపెట్టాక మళ్లీ నడిసముద్రంలో ఆగితే ఆ డబ్బూ పోయినట్టే. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1

తమ్ముడూ, ముందు ఏదీ విప్పించకు. వేడి మీద ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతోందంటే నీళ్లు సరిగ్గా తిరగకపోయి ఉండాలి, పెట్రోలు అందకపోయి ఉండాలి, లేదా వేడికి కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) పనిచేయడం మానేస్తూ ఉండాలి. వీటిలో ఏదీ అంతటితో మోటారు పని అయిపోయిందని చెప్పదు.

ఈసారి గొంతు మారగానే పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బుని గట్టిగా పిసుకు. మోటారు పుంజుకుంటే లోపం పెట్రోలు దారిలోనే ఉంది, ఫ్యూయల్ పంపులో ఉండే పలచటి పొర, డయాఫ్రం, చూడు. బల్బు అప్పటికే లోపలికి అణిగిపోయి ఉంటే ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం తెరిచావో లేదో చూసుకో. ఈ పరీక్ష ఒడ్డు దగ్గరే చెయ్యి, పక్కన ఇంకో పడవ ఉండాలి.

ఇంపెల్లర్, అదే మోటారు చల్లబడడానికి నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఎప్పుడు మార్చావు? పక్కనుంచి పడే నీటి ధార సన్నబడిందా?

తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడు. మూడు ప్లగ్గులూ తీసెయ్. మోటారు ఆపే కిల్ స్విచ్ క్లిప్పు కూడా తీసి, ప్లగ్గు వైర్లని ఇంజను బాడీకి ఆనించి పెట్టు. ఒక్కో ప్లగ్గు రంధ్రానికి గేజీ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి వెళ్లనంతవరకూ తాడు లాగు. గేజీని బట్టి అంకె మారుతుంది కాబట్టి ఎంత వచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, మూడింటికీ తేడా పది శాతం లోపు ఉందా అన్నది చూడు. గేర్ ఆయిల్ స్క్రూ కూడా విప్పు. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే సీళ్లు పోయి నీళ్లు దిగాయని అర్థం.

ప్రశ్న అడిగినవారు

అన్నా, నువ్వు చెప్పినవన్నీ చేశాను. బల్బు పిసికినా తేడా లేదు. గేర్ ఆయిల్ నల్లబడింది గానీ నీళ్లు లేవు, ఇనుప ముక్కలూ లేవు. ఇంపెల్లర్ మార్చి నాలుగేళ్లు దాటింది. బయటికి తీస్తే ఆరు రెక్కల్లో రెండు లేవు, మిగతావి ఒకే పక్కకి వంగి గట్టిపడిపోయాయి. కంప్రెషన్ పైనుంచి 120, 118, 84. మూడోదాంట్లో కాస్త ఆయిల్ పోసి లాగితే 100 దాటింది. ఆ మూడో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద వెండి పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలున్నాయి.

జవాబు 2

నేను ఈ మోటార్ల పనే చేస్తాను. ఆ వెండి చుక్కలు పిస్టన్ అల్యూమినియం అండీ, కరిగి ప్లగ్గుకి అంటుకుంది. ఆయిల్ పోస్తే అంకె పెరిగిందంటే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) దెబ్బతింది.

అయితే కింది సిలిండర్ ఒక్కటే ఎందుకు పోయిందో ఆలోచించండి. నీళ్లు తక్కువై వేడెక్కితే సాధారణంగా ముందు పై సిలిండర్‌కి తగులుతుంది. సిలిండర్‌కొక కార్బ్యురేటర్ ఉండే మోటారైతే నా అనుమానం కింది కార్బ్యురేటర్ జెట్టు మీదే, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం మీదే. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి జెట్టుకి అడ్డం పడుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలులో కలిసే వస్తుంది కదా, జెట్టు మూసుకుంటే ఆ సిలిండర్‌కి పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ ఎండిపోయి, వేడెక్కి, గోడని గీరుతుంది. మెల్లగా పోతున్నప్పుడు తెలియదు, ఫుల్ థ్రాటిల్‌లో బయటపడుతుంది. ఈ కారణం పట్టుకోకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది. అలా రెండు పిస్టన్లు పాడుచేసుకుని వచ్చినవాళ్లని చూశాను, బాధేస్తుంది.

విరిగిన రెక్కల ముక్కలు కూడా వెతకాలి. అవి నీళ్ల దారిలో పైకి పోయి, వేడిని బట్టి నీళ్లని వదిలే థర్మోస్టాట్ దగ్గర ఇరుక్కుంటాయి. రెండు రెక్కలకి సరిపడా ముక్కలు దొరికేదాకా వదలకండి.

ఇక బాగు చేయించాలా వద్దా అన్నది, ఉప్పు లోపలి లోహాన్ని ఎంత తినేసిందో చూస్తే తెలుస్తుంది. థర్మోస్టాట్ మూత బోల్టులు విప్పి చూడండి. తేలిగ్గా వస్తే, లోపల లోహం గట్టిగా ఉంటే, రీబోర్ చేయించి (సిలిండర్ గోడని కాస్త పెద్దగా కోయించి) దానికి సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం దండగ కాదు. బోల్టులు విరుగుతుంటే, నీళ్ల దారి గోడలు స్క్రూడ్రైవర్ మొనకి రాలుతుంటే, నేనైతే ఆ పని ఒప్పుకోను. ఎంత మంచి పిస్టన్ వేసినా నీళ్లు కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ కూర్చోవడానికి చదునైన లోహం మిగలదు. విడిభాగాల సంగతి కూడా ముందే కనుక్కోండి. ఎవిన్‌రూడ్ లాంటి పాత పేరున్న మోటార్ల తయారీయే 2020లో ఆగిపోయింది.

జవాబు 3

కొనడమే అయితే తొందరపడి ఫోర్ స్ట్రోక్‌కి వెళ్లకండి. పెట్రోలు బాగా ఆదా అవుతుంది, పొగ ఉండదు, అది నిజమే. కానీ ఇదే 40 హార్స్‌పవర్‌లో పాత టూ స్ట్రోక్ కన్నా ఇరవై కిలోలకి పైగా బరువు ఉంటుంది. మోటారు బిగించే వెనక చెక్క మెత్తబడి ఉంటే ఆ బరువుకి ఆగదు. సుత్తి పిడితో తట్టి చూడండి, బోలుగా మోగితే ముందు దాని సంగతి చూసుకోవాలి. మోటారు షాఫ్ట్ పొడవు 15 అంగుళాలు కావాలా 20 అంగుళాలు కావాలా అన్నది కూడా ఆ చెక్క ఎత్తు కొలిచాకే తేల్చుకుని కొనండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న విప్పాను. థర్మోస్టాట్ మూతకున్న నాలుగు బోల్టుల్లో రెండు వచ్చాయి, రెండు తల విరిగి లోపలే ఉండిపోయాయి. రబ్బరు ముక్కలు అక్కడే దొరికాయి. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే అంచు నుంచి తెల్లటి పొడి రాలింది, వేలితో రుద్దితే ఇంకా రాలుతూనే ఉంది. కింది కార్బ్యురేటర్ తెరిస్తే అడుగున తేనె రంగు జిగురు, మెయిన్ జెట్టులోంచి వెలుతురే కనపడలేదు. ఆ ఒక్క జెట్టు నేను ఏటా తీసి కడిగి ఉంటే పిస్టన్ మిగిలేది.

నాన్నకి అన్నీ చూపించాను. ఆ పొడి ఆయనే వేలితో తీసి చూసుకుని "ఇక దీని మీద పెట్టకు" అన్నారు. టూ స్ట్రోకే కొంటున్నాను, అదే బరువు. అప్పటిదాకా ఒడ్డు కనపడే మేర దాటి వెళ్లను. పాతదాని గేరు భాగం బాగానే ఉంది, కావలసినవాళ్లకి ఇచ్చేస్తాను. వెనక చెక్క తట్టి చూశాను, గట్టిగానే మోగింది. ఎత్తు కొలిస్తే 20 అంగుళాలు.