అల్ట్రాసౌండ్ ఎస్ఆర్ ఫైళ్లు: ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి తీసి, సరిచేసి, మళ్లీ డైకామ్ చెయ్యడం ఎలా?

జగదాంబ_జంక్షన్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. వైజాగ్‌లో రామ్‌నగర్ మెయిన్, గాజువాక బ్రాంచి ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఐటీ పని. గర్భిణులకు చేసే స్కాన్ల కొలతల్ని అల్ట్రాసౌండ్ మెషీన్లు డైకామ్ (వైద్య బొమ్మల ఫైళ్ల ప్రమాణం) ఎస్ఆర్‌గా, అంటే స్ట్రక్చర్డ్ రిపోర్టుగా పాక్స్‌కి, అంటే బొమ్మలు దాచే సర్వర్‌కి పంపుతున్నాయి. డాక్టర్లు మాత్రం స్క్రీన్ మీద చూసి అవే అంకెల్ని వర్డ్‌లో మళ్లీ కొట్టిస్తున్నారు. 58.2 కాస్తా 52.8 అయ్యే బెడద తప్పాలని కమాండ్ లైన్ దారి పట్టాను. ఉబుంటులో డీసీఎమ్‌టీకే (డైకామ్ ఫైళ్ల కమాండ్ లైన్ టూల్స్) పెట్టాను. ఎక్కడెక్కడ ఆగానంటే:

డీసీఎమ్2ఎక్స్‌ఎమ్‌ఎల్ కొడితే ఒక్క రిపోర్టుకి వేల లైన్లు వస్తున్నాయి, తలా తోకా దొరకట్లేదు. డీఎస్ఆర్2ఎక్స్‌ఎమ్‌ఎల్ శుభ్రంగా ఉంది గానీ, గాజువాక నుంచి వచ్చే కొన్ని ఫైళ్లకి క్యారెక్టర్ సెట్ చెప్పలేదంటూ ఆగిపోతోంది. ఆ ఫైళ్లలో పేషెంటు పేరు తెలుగులో ఉంది.

బీపీడీ (శిశువు తల అడ్డ కొలత) ఒక్కటే కావాలి, నాలుగు విలువలు వస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

ఒక ఫైల్లో పేరు తప్పుంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో దిద్ది ఎక్స్‌ఎమ్‌ఎల్2డీఎస్ఆర్‌తో వెనక్కి మార్చాను. పంపితే పాక్స్ సక్సెస్ అంటుంది, లోపల పాత పేరే. కొత్త యూఐడీలు (ప్రతి ఫైలుకీ, సిరీస్‌కీ, స్టడీకీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్లు) పుట్టించే ఆప్షన్, పాతవాటి మీద రాసే ఆప్షన్ రెండూ ఇస్తే ఆ రిపోర్టు బొమ్మల నుంచి విడిపోయి వేరే స్టడీగా కూర్చుంది.

నల్లతెర:

ముందుగా ఒక మాట. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్లో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి (ఐఎస్ఓ_ఐఆర్, ఆర్-00317 లాంటి విలువలు మాత్రం పెద్దక్షరాల్లో). ఆప్షన్లు కూడా పొడుగువే ఇస్తున్నా, ఎందుకంటే పొట్టివాటిలో పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో అర్థమే మారిపోతుంది.

డీసీఎమ్2ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి ఎస్ఆర్ అంటే ఏమిటో తెలియదు. సీటీ బొమ్మయినా, రిపోర్టయినా దానికి ట్యాగుల మూటే. కంటెంట్ సీక్వెన్స్ (0040,ఏ730) లోపల మళ్లీ అదే సీక్వెన్స్, దాని లోపల ఇంకోటి, ఇలా ఉల్లిపాయ పొరల్లా వస్తుంది. డీఎస్ఆర్2ఎక్స్‌ఎమ్‌ఎల్ రిపోర్టుని చెట్టులా చదువుతుంది: కంటెయినర్, దాని కింద నమ్ (అంకె ఉన్న కొలత), టెక్స్ట్, కోడ్ వగైరా కొమ్మలు. మీ పనికి అదే సరైనది. ఫైల్లో ఏముందో కంటితో చూసుకోడానికి ముందు డీఎస్ఆర్‌డంప్ కొట్టండి, పక్కన కోడ్లు కూడా కనిపించేలా:

డీఎస్ఆర్‌డంప్ --ప్రింట్-ఆల్-కోడ్స్ రిపోర్ట్.డీసీఎమ్

మార్చేటప్పుడు ఇలా:

డీఎస్ఆర్2ఎక్స్‌ఎమ్‌ఎల్ --రైట్-టెంప్లేట్-ఐడీ రిపోర్ట్.డీసీఎమ్ రిపోర్ట్.ఎక్స్‌ఎమ్‌ఎల్

ఆ టెంప్లేట్ ఐడీ ఆప్షన్ వదలొద్దు. అది లేకుండా తీసిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని వెనక్కి మారిస్తే (0040,ఏ504) ఎగిరిపోతుంది. ఇది టీఐడీ 5000 (ప్రసూతి అల్ట్రాసౌండ్ నమూనా) రిపోర్టు అని గుర్తుపట్టే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత కొలతల్ని లాక్కోదు. ఎర్రర్ కూడా ఏమీ రాదు, ఊరికే ఖాళీగా ఉంటుంది. ప్రైవేట్ ట్యాగులైతే ఏ ఆప్షన్ ఇచ్చినా ఈ దారిలో రావు. అందుకని అసలు డైకామ్ ఫైలుని ఎప్పుడూ పక్కన దాచాలి.

క్యారెక్టర్ సెట్ సంగతి. క్యారెక్టర్ సెట్ చెప్పే ట్యాగు (0008,0005) ఖాళీగా ఉంటే ఫైలంతా మామూలు ఆస్కీ అని ప్రమాణం చెబుతోంది. మీ ఫైల్లో తెలుగు బైట్లు ఉన్నాయి, చీటీ మాత్రం లేదు, అందుకే టూల్ ఆగింది. ఆగడమే మేలు కూడా. తెలుగుకి డైకామ్‌లో విడిగా క్యారెక్టర్ సెట్ లేదు. థాయ్‌కి ఉంది, హీబ్రూకి ఉంది, మనకి లేదు, యూనికోడ్ దారే గతి. కాబట్టి ఆ బైట్లు నిజంగా యూటీఎఫ్-8 అవునో కాదో ముందు డీసీఎమ్‌డంప్‌తో పేరు తీసి టెర్మినల్లో చూడండి. అక్షరాలు సరిగ్గా కనిపిస్తే కాపీ మీద:

డీసీమాడిఫై --ఇన్సర్ట్ "(0008,0005)=ఐఎస్ఓ_ఐఆర్ 192" కాపీ.డీసీఎమ్

ఇది చీటీ అతికిస్తుందే తప్ప బైట్లని మార్చదు. ఐఎస్ఓ_ఐఆర్ 100 లాంటి వేరే సెట్లో నిజంగా ఉన్న ఫైలుకి మాత్రం డీసీఎమ్‌కన్వ్ --కన్వర్ట్-టు-యూటీఎఫ్8 వాడాలి, అది బైట్లనే మారుస్తుంది. ఈ రెండిటినీ తారుమారు చేస్తే పేరు చిందరవందర అవుతుంది. డీసీమాడిఫై మామూలుగా .బ్యాక్ అని పాత కాపీ ఉంచుతుంది, దాన్ని చెరిపేయకండి.

పనిలో పనిగా, పాత పాక్స్ డేటాబేసుల్లో పేరు గడి 64 బైట్లే ఉండొచ్చు. డైకామ్ చెప్పేది 64 క్యారెక్టర్లు. తెలుగులో ఒత్తూ గుణింతమూ విడివిడి క్యారెక్టర్లు, ఒక్కోటీ 3 బైట్లు. సత్యనారాయణ అంటే 10 క్యారెక్టర్లు, 30 బైట్లు. ఇంటిపేరూ తండ్రి పేరూ కలిస్తే, మధ్య ఖాళీలు లెక్కపెట్టకపోతే, 22వ క్యారెక్టర్ నడుమ కోత పడి, ఆఖర్న చెత్త గుర్తు వస్తుంది.

ఉప్పుగాలి:

నాలుగు బీపీడీలకి జవాబు. సోనోగ్రాఫర్ మూడుసార్లు కొలిస్తే మూడూ రాసి, సగటుని నాలుగోదిగా పెట్టే మెషీన్లు ఉన్నాయి. పేరు అన్నిటికీ ఒకటే: లోయింక్ (వైద్య కొలతలకి ఉన్న కోడ్ల జాబితా) 11820-8. తేడా లోపలి కొమ్మలో ఉంటుంది. సగటు ఉన్న నమ్ కింద డెరివేషన్ అనే కోడ్ ఐటమ్ ఉంటుంది, దాని కాన్సెప్ట్ 121401, స్కీమ్ (ఆ కోడ్ ఏ జాబితాలోదో చెప్పే పేరు) డీసీఎమ్. దాని విలువ సగటు అయితే పాత మెషీన్లలో ఎస్ఆర్‌టీ స్కీమ్‌లో ఆర్-00317, కొత్తవాటిలో ఎస్‌సీటీ స్కీమ్‌లో 373098007. రెండిటినీ పట్టుకునేలా రాయండి. గాజువాక మెషీను ఒకటి, రామ్‌నగర్ మెషీను ఇంకోటి పంపితే ఆశ్చర్యం లేదు. కొన్ని మెషీన్లు సగటు బదులు, డాక్టరు ఎంచుకున్న కొలతకి 121404 సెలెక్షన్ స్టేటస్ తగిలిస్తాయి. ఏ మెషీను ఏది చేస్తుందో ఒక్కో మోడల్ నుంచి రెండు మూడు రిపోర్టులు డంప్ చేసి చూసుకుంటే గానీ తేలదు. మెషీను ఏం పంపుతుందో కంపెనీ రాసిచ్చే కన్ఫార్మెన్స్ స్టేట్‌మెంట్ చదివినా డంప్ చూడటం తప్పదు.

మిగతా కోడ్లు కూడా ఇస్తున్నా, మళ్లీ వెతుక్కునే పని లేకుండా: హెచ్‌సీ (తల చుట్టుకొలత) 11984-2, ఏసీ (పొట్ట చుట్టుకొలత) 11979-2, ఎఫ్ఎల్ (తొడ ఎముక పొడవు) 11963-6. అన్నీ ఎల్ఎన్, అంటే లోయింక్ స్కీమ్. కోడూ స్కీమూ రెండూ కలిపే పోల్చాలి. మీనింగ్ మాటని, అంటే కోడ్ పక్కన రాసే పేరుని పోల్చి స్క్రిప్టు రాస్తే ఒక కంపెనీ బైపరైటల్ డయామీటర్ అని, ఇంకోటి బీపీడీ అని రాసిన రోజు అది చతికిలబడుతుంది. 99తో మొదలయ్యే స్కీమ్ కనిపిస్తే అది ఆ కంపెనీ సొంత కోడ్ అయ్యుండే అవకాశం ఎక్కువ. 99ఎస్‌డీఎమ్ ఒక్కటి మినహాయింపు, అది స్నోమెడ్ పాత పేరు.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్లెట్ అనే టూల్‌తో తీసే ఎక్స్‌పాత్ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో కావలసిన ట్యాగుకి దారి) ఇలా ఉంటుంది, ట్యాగుల పేర్లు ఇంగ్లీషులో చదువుకోండి, పొట్టిగా ఉండాలని వదిలేసిన స్కీమ్ పోలికని మీరు చేర్చుకోండి:

//నమ్[కాన్సెప్ట్/వాల్యూ='11820-8'][కోడ్[కాన్సెప్ట్/వాల్యూ='121401'][వాల్యూ='ఆర్-00317' ఆర్ వాల్యూ='373098007']]/వాల్యూ

యూనిట్ కూడా పక్క గడిలోకి తియ్యాలి. ఒక మెషీను సెంటీమీటర్లు, ఇంకోటి మిల్లీమీటర్లు పంపితే 5.82 పక్కన 58.2 కూర్చుంటుంది, ఎక్సెల్‌కి రెండూ అంకెలే.

జగదాంబ_జంక్షన్:

ఉప్పుగాలి గారూ, నల్లతెర గారూ, చాలా థాంక్సండీ. చీటీ అతికించాక తెలుగు పేర్లు వచ్చేశాయి. కానీ ఎక్స్‌పాత్ ఏమీ ఇవ్వట్లేదు, ఎర్రర్ కూడా లేదు. ఆప్షన్ల పేజీ చూసి --యూజ్-ఎక్స్‌ఎమ్‌ఎల్-నేమ్‌స్పేస్ కూడా తగిలించాను, మంచిదేమో అని. ఇంకోటి, కవలల రిపోర్టులో ఇద్దరి బీపీడీలూ ఒకే వరసలో పడుతున్నాయి.

ఉప్పుగాలి:

మీ చిక్కు ఆ నేమ్‌స్పేసే. అది పెట్టాక నమ్ అనే ట్యాగు ఉత్త నమ్ కాదు, నేమ్‌స్పేస్‌లో ఉన్న నమ్. మీ ఎక్స్‌పాత్ నేమ్‌స్పేస్ లేని నమ్ కోసం వెతికి, లేదని మర్యాదగా ఖాళీ చేతులు చూపిస్తోంది. ఆ ఆప్షన్ తీసెయ్యండి. ఉంచాల్సి వస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్లెట్‌కి -ఎన్ (ఒకే గీత, పెద్దక్షరం) ఆప్షన్లో ఒక ముందక్షరం కట్టి, ప్రతి ట్యాగు ముందూ అది రాయాలి. కోడ్లని ఆట్రిబ్యూట్లుగా రాసే --ఆట్ర్-కోడ్ లాంటి ఆప్షన్లు కూడా ముట్టుకోవద్దు, ట్యాగుల ఆకారం మారి పైన ఇచ్చిన దారి పనిచెయ్యదు.

కవలలకి //నమ్ అని చెట్టంతా వెతకడం తప్పు. ఫీటల్ బయోమెట్రీ కంటెయినర్, అంటే 125002 డీసీఎమ్, శిశువుకొకటి ఉంటుంది. ఫీటస్ ఐడీ కోడ్ 11951-1. ముందు ఒక్కో కంటెయినర్ పట్టుకుని, అందులో ఐడీ, తర్వాత దాని లోపలి కొలతలు తియ్యండి. ఒక్క శిశువే ఉన్న రిపోర్టులో ఐడీ లేకపోవచ్చు, అప్పుడు స్క్రిప్టు పడిపోకూడదు.

ఇంకో జాగ్రత్త. పేషెంటుకిచ్చే కాగితంలోకి మీరు ఎంచిన కోడ్లు మాత్రమే వెళ్లాలి, చెట్టు మొత్తం ఒంపెయ్యకండి. సోనోగ్రాఫర్ కామెంటు గడిలో ఏం రాశారో స్క్రిప్టుకి తెలియదు. పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం ప్రకారం శిశువు లింగం ఏ రూపంలో తెలియజేసినా నేరమే, ఆటోమేటిక్‌గా వెళ్లిపోయిందంటే చెల్లదు.

రుషికొండ_రూటర్:

యూఐడీల సంగతి నేను చెబుతా, ఇది చాలామంది తప్పే.

మీరు మొదట పంపిన ఫైలుకి పాత ఎస్ఓపీ ఇన్‌స్టెన్స్ యూఐడీయే (ఆ ఒక్క ఫైలు గుర్తింపు నంబరు) ఉంది. అదే యూఐడీతో ఇంతకుముందే ఒకటి ఉందిగా అనుకుని పాక్స్ కొత్తదాన్ని పారేసింది, మీకు మాత్రం సక్సెస్ అంది. ఆర్థాంక్ అనే ఉచిత పాక్స్ సర్వర్‌లో దీనికి ఓవర్‌రైట్‌ఇన్‌స్టెన్సెస్ అని సెట్టింగే ఉంది, కానీ దాన్ని ఆన్ చేసి తప్పించుకోకండి. విషయం మారిన రిపోర్టు కొత్త ఆబ్జెక్టు, దానికి కొత్త ఇన్‌స్టెన్స్ యూఐడీ ఉండాలి. రెండోసారి మీరు వాడిన ఆప్షన్ స్టడీ, సిరీస్, ఇన్‌స్టెన్స్ మూడిటినీ కొత్తగా పుట్టించింది. స్టడీ యూఐడీ మారాక ఆ రిపోర్టుకీ బొమ్మలకీ చుట్టరికం తెగిపోయినట్టే.

స్టడీ యూఐడీని ముట్టుకోకుండా, ఎక్స్‌ఎమ్‌ఎల్2డీఎస్ఆర్‌ని ఏ యూఐడీ ఆప్షనూ లేకుండా నడిపి, తర్వాత:

డీసీమాడిఫై --జెన్-ఇన్‌స్ట్-యూఐడీ --జెన్-సెరి-యూఐడీ కొత్త.డీసీఎమ్

ఇది మెటా హెడర్లోని యూఐడీని కూడా సరిచేస్తుంది. సిరీస్ ఎందుకు మార్చానంటే, ఇప్పుడు ఈ ఫైలు తయారుచేసింది మెషీను కాదు, మీ స్క్రిప్టు.

పంపేముందు పాతదానికీ కొత్తదానికీ డీఎస్ఆర్‌డంప్ తీసి డిఫ్ కొట్టండి. మీరు దిద్దిన లైను తప్ప ఇంకేదైనా తేడా కనిపిస్తే ఆగాలి. పంపడానికి డీసీఎమ్‌సెండ్ చాలు, ఎస్ఆర్ రకాలని తనే చూసుకుంటుంది. మీ ఏఈ టైటిల్ (డైకామ్ నెట్‌వర్క్‌లో మీ పేరు) పాక్స్‌లో నమోదై ఉండాలి, అది 16 క్యారెక్టర్లు దాటకూడదు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ దిద్దేటప్పుడు పడే గోతులు: విండోస్ ఎడిటర్లో తెరిచి వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే పై లైన్లో యూటీఎఫ్-8 అని ఉన్నా లోపల అది కాదు, పార్సర్ తంతుంది. పైథాన్‌తో కొలత మార్చి 5.820000000000001 లాంటిది రాస్తే డీఎస్ (దశాంశ సంఖ్య) రకం విలువకి ఉన్న 16 క్యారెక్టర్ల హద్దు దాటిపోతుంది, రెండు మూడు దశాంశాలకి కుదించి రాయండి. వాల్యూ ట్యాగు లోపల అందంగా ఉందని లైను విరిస్తే ఆ ఖాళీ కూడా విలువలో భాగమే. బేసిక్ టెక్స్ట్ ఎస్ఆర్‌లో నమ్ ఐటమ్ చేరిస్తే ఒప్పుకోదు, అంకెలు కావాలంటే ఎన్‌హాన్స్‌డ్ గానీ కాంప్రెహెన్సివ్ గానీ అయ్యుండాలి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి రెఫరెన్సు ఉన్న రిపోర్టుకి కాంప్రెహెన్సివ్ కావాలి, ఎన్‌హాన్స్‌డ్ చాలదు.

నల్లతెర:

రూటర్ గారు చెప్పింది కరెక్టే. కానీ పేరు తప్పుకి ఈ తతంగమంతా నాకు నచ్చలేదు. పేరు తప్పయితే అది ఎస్ఆర్‌లో ఒక్కదాన్లోనే ఉండదు, ఆ స్టడీలో బొమ్మలన్నిటిలోనూ ఉంటుంది. ఎస్ఆర్ ఒక్కటే దిద్దితే ఒకే స్టడీలో ఇద్దరు పేషెంట్లు అవుతారు. పాక్స్ అడ్మిన్ స్క్రీన్లో స్టడీ మొత్తానికి ఒకేసారి మార్చండి. ఎక్స్‌ఎమ్‌ఎల్ దారిని కంటెంట్ దిద్దడానికి ఉంచుకోండి, అదీ వెరిఫై కాని రిపోర్టులకే. వెరిఫికేషన్ ట్యాగు (0040,ఏ493)లో వెరిఫైడ్ అని ఉంటే డాక్టరు సంతకం పెట్టినట్టు, దాని లోపల చెయ్యి పెట్టకూడదు. మీరు మార్చింది ఆయన పేరు మీద చెలామణీ అవుతుంది.

రుషికొండ_రూటర్:

ఒప్పుకున్నా మాస్టారూ. పేరుకి అడ్మిన్ స్క్రీనే.

జగదాంబ_జంక్షన్:

సరేనండీ, పేరుకి ఎక్స్‌ఎమ్‌ఎల్ ముట్టుకోను. ఆఖరి ప్రశ్న: రిపోర్టు పీడీఎఫ్ చేసి మళ్లీ పాక్స్‌లో అదే స్టడీలో పెట్టాలి. డీఎస్ఆర్2హెచ్‌టీఎమ్‌ఎల్ వాడి పీడీఎఫ్ తీస్తే తెలుగు అక్షరాల చోట డబ్బాలు వస్తున్నాయి.

నల్లతెర:

సర్వర్లో తెలుగు ఫాంటు లేదు. ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ కొట్టండి, ఖాళీ వస్తే నోటో సాన్స్ తెలుగు పెట్టండి. తర్వాత క్రోమియంని తెర లేకుండా నడిపి --ప్రింట్-టు-పీడీఎఫ్ ఇవ్వండి. ఒత్తులు సరిగ్గా పడ్డాయా లేదా "స్త్రీ", "క్ష్మి" ఉన్న పేరుతో చూసుకోండి.

డైకామ్‌లో చుట్టడానికి పీడీఎఫ్2డీసీఎమ్ ఉంది. పేషెంటు వివరాలు చేత్తో కొట్టకండి:

పీడీఎఫ్2డీసీఎమ్ --స్టడీ-ఫ్రమ్ రిపోర్ట్.డీసీఎమ్ రిపోర్ట్.పీడీఎఫ్ కొత్తపీడీఎఫ్.డీసీఎమ్

స్టడీ-ఫ్రమ్ ఇస్తే ఆ ఎస్ఆర్ నుంచే పేరు, ఐడీ, స్టడీ యూఐడీ తెచ్చుకుంటుంది. ఎస్ఆర్‌ని మాత్రం చెరపొద్దు. పీడీఎఫ్‌లో 58.2 కంటికి కనిపిస్తుంది, కోడూ యూనిట్టూ ఉండవు. వచ్చే ఏడాది ఆ కొలతల్ని ఏబీడీఎమ్ (ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్) కోసం ఫైర్ (ఆరోగ్య సమాచారం పంచుకునే ప్రమాణం) అబ్జర్వేషన్లుగా మార్చమని ఎవరైనా అడిగితే దాన్నుంచి తీయలేరు, ఎస్ఆర్ నుంచే తీయాలి.

ఉప్పుగాలి:

రాత్రికి క్రాన్‌లో (వేళకి తనంతట తానే స్క్రిప్టు నడిపేది) పెట్టేటప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని డీఎస్ఆర్2ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి తోయకండి, బొమ్మల ఫైళ్ల దగ్గర ఎర్రర్లు కుప్పలు పడి అసలు ఎర్రర్ కనపడదు. డీసీఎమ్‌డంప్ --నో-యూఐడీ-నేమ్స్ --సెర్చ్ 0008,0016 అని ముందు ఎస్ఓపీ క్లాస్ (ఫైలు ఏ రకమో చెప్పే నంబరు) చూసి, 1.2.840.10008.5.1.4.1.1.88.33 గానీ 88.22 గానీ ఉన్నవే పంపండి. 88.59 కూడా ఎస్ఆర్ కుటుంబమే గానీ అది కీ ఆబ్జెక్ట్ సెలెక్షన్, కొలతలేవీ ఉండవు. క్రాన్‌లో డిక్షనరీ దొరకలేదని వస్తే డీసీఎమ్‌డిక్ట్‌పాత్ వేరియబుల్ స్క్రిప్టులోనే రాయండి, మీ లాగిన్ సెట్టింగులు క్రాన్‌కి రావు.