డనాంగ్ తీరంలో తొట్టి పీత: తూకానికి తినడం తెలివైన పనేనా?

లెక్కల మాస్టారు
వియత్నాంలో డనాంగ్ వెళ్లే మనవాళ్లు ఎక్కువైనకొద్దీ తూకానికి తినాలా, ప్లేటు ధరకా అన్న గొడవ ముదురుతోంది. 'మీ ఖే' బీచ్ వెంబడి వో గుయెన్ జాప్ రోడ్డు మీద సీఫుడ్ హోటళ్లు వరసగా ఉంటాయి. గుమ్మంలోనే తొట్లు, వాటిలో బతికున్న పీతలు, రొయ్యలు, లాబ్‌స్టర్లు, చేపలు. మనం వేలు చూపిస్తే వలబుట్టతో తీసి తూకం వేస్తారు, ఎలా వండాలో అడుగుతారు. బిల్లు వచ్చాక సగం మంది మొహాలు మాడిపోతాయి.

నా వాదన: తూకం పద్ధతి కొత్తవాళ్లకు నష్టం. కిలో ధర చూసి మనం తిండి ధర అనుకుంటాం. పీతలో తినే కండ మూడో వంతు, అటూ ఇటూ. గుల్లల్లో ఐదో వంతు దాటడం కష్టం. మొత్తం చేపలో సగం. అంటే కిలో 6 లక్షల డాంగ్ పీత, కిలో 4 లక్షల డాంగ్ చేప పక్కపక్కన పెడితే, కండ లెక్కన పీత కిలో 18 లక్షలు, చేప 8 లక్షలు. (ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలే. రూపాయికి సుమారు 300 డాంగ్ అనుకోండి.) దీనికితోడు పీతకు కట్టిన తాడు. లావుపాటి తడితాడు 120 గ్రాములుంటే 72 వేల డాంగ్ తాడుకే పోయినట్టు.

ఇంకో మెలిక: బోర్డు మీద ధర కొన్నిచోట్ల కిలోకి కాదు, 100 గ్రాములకి. దాన్ని వాళ్లు 'లాంగ్' అంటారు. లాబ్‌స్టర్ పక్కన చిన్న అంకె చూసి మురిసిపోతే పదింతలు కట్టాల్సి వస్తుంది.

కాబట్టి ప్లేటు ధర రాసిన హోటల్లో తినండి. తూకాల జోలికి పోవద్దు. ఒప్పుకోనివాళ్లు కారణాలు చెప్పండి, తిట్లొద్దు.

సైగాన్ వీధి
మాస్టారూ, కండ లెక్క బాగుంది. తీర్పు మాత్రం తప్పు. ప్లేటు ధరకు వచ్చే పీత ఏ సైజుదో, ఎప్పుడు చచ్చిందో మీకెవరు చెబుతారు? తూకంలో కనీసం కళ్లముందు కదులుతుంది. మనవాళ్లు నష్టపోయేది తక్కెడ వల్ల కాదు, అడగాల్సినవి వరస తప్పి అడగడం వల్ల.

ముందు ధర, తర్వాత తూకం, ఆ తర్వాతే వంట. వేలు చూపించకముందే "బావ్ న్యూ తియెన్ మోత్ కీ?" (కిలో ఎంత) అనండి. 'కీ' అంటే కిలో. జవాబును ఫోన్ కాలిక్యులేటర్లో వాళ్లచేతే కొట్టించండి, సున్నాల దగ్గర ఇక పేచీ ఉండదు. మెనూలో అంకె బదులు 'థోయ్ జా' అని ఉంటే ఆ రోజు ధర అని. అది అడక్కుండా ఆర్డర్ చేశారంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చినట్టే.

తూకం దగ్గర ఖాళీ బుట్టను ముందు కాటా మీద పెట్టించి సున్నా చూడండి. రొయ్యలు, గుల్లలు బుట్టలో పది పదిహేను సెకన్లు నీరు కారాక తూయమనండి. పీత తాడు సన్నటి రబ్బరు బ్యాండో, నైలాన్ పోగో అయితే వదిలేయండి. లావుపాటి తాడైతే విప్పి తూయమనండి, లేదంటే వేరే హోటల్ చూసుకోండి. తాడుతో తూసే పీతకు కిలో ధర కొంచెం తక్కువ చెప్పడం అక్కడి బజార్లలో మామూలే. అది మోసం కాదు, ముందే చెబితే.

చివరగా గుర్తు. తొట్టికీ వంటింటికీ మధ్య సరుకు మారిపోతుందన్న అనుమానం ఉంటే పీత చిన్నకాలు చివర విరిచి ఇవ్వండి, చేపకైతే తోక రెక్క అంచు కత్తిరించమనండి. అక్కడివాళ్లే చేసే పని, ఎవరూ ఏమీ అనుకోరు.

కౌంట్ నలభై
భీమవరం వైపు నుంచి ఒక మాట అండి. ఇద్దరూ 'బతికుంది' అన్నదాన్నే 'తాజా' అంటున్నారు. రెండూ ఒకటి కాదు.

తొట్టిలో పీతకీ లాబ్‌స్టర్‌కీ మేత పెట్టరు. పెడితే నీరు పాడవుతుంది. రోజులు గడిచేకొద్దీ తన కండనే తాను కరిగించుకుంటుంది. డొప్ప సైజు మారదు, లోపల మాత్రం ఖాళీ. డొప్ప మార్చుకున్న కొత్తలో ఉన్నదీ అంతే, నీళ్లు తాగి బరువుంటుంది, ఉడికిస్తే పిప్పి. చెరువుల దగ్గర రొయ్యకి మనం 'లూజ్ షెల్' అని రేటు తగ్గించేది దీనికే కదా. అలాంటి పీతను వాళ్లు 'ఓప్' అంటారు. కదులుతోంది కదా అని దానికీ పూర్తి ధర కడితే ఎలాగండి?

మండపీతను వెల్లకిలా తిప్పి, ఆఖరి కాళ్ల మొదలు దగ్గర పొట్టవైపు డొప్పను బొటనవేలితో గట్టిగా నొక్కండి. రాయిలా ఉంటే నిండుది. లోపలికి దిగితే వద్దు. డొప్ప మరీ నిగనిగలాడుతూ కొత్తగా ఉన్నదానికంటే మచ్చలు పడి ముసలిదానిలా ఉన్నదే మేలు. పొట్ట మీది మడత త్రికోణంగా సన్నగా ఉంటే మగది, డెక్కల్లో కండ ఎక్కువ. వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, గుడ్డు కోసం తీసుకుంటారు. ఏది కావాలో ముందే తేల్చుకోండి, రెండింటికీ ధర వేరు.

రొయ్యలకు 'కిలోకి ఎన్ని' అని అడగండి. మన కౌంట్ లెక్కే. తొట్టిలో మెరుస్తున్న రొయ్యల్లో చాలావరకు వనామీ (అక్కడ 'తోమ్ థే'), టైగర్ ('తోమ్ సు') ధర ఎక్కువ. వనామీ తినడానికి భీమవరం నుంచి డనాంగ్ దాకా వెళ్లక్కర్లేదు అండి. ఆ డబ్బు పీత మీద పెట్టండి.

పులుసు పక్షం
అసలు గొడవ తూకం కాదు. అంత డబ్బు పోసి, అంత పీతను ఎంచి, చివరికి ఉత్త నీటి ఆవిరి మీద ఉడకబెట్టించుకుంటారు చూడండి, అదీ దారుణం. పక్కన ఉప్పు, మిరియాలు, నిమ్మ. ఇదేం భోజనం, పథ్యమా? వాళ్లకే 'కువా రాంగ్ మె' అని చింతపండు పీత ఉంది. ముక్కలు కోసి, కొంచెం పిండి అద్ది, నూనెలో వేయించి, చింతపండు గుజ్జు, వెల్లుల్లి, చక్కెర, చేప సాస్‌తో గట్టిపడేదాకా తిప్పుతారు. పీతల పులుసు తిని పెరిగినవాళ్లకు అదీ వంట. ఆవిరి పీతే అసలైన రుచి అని మురిసేవాళ్లు ఊరివాళ్లకంటే ఊరి భక్తులు.

సైగాన్ వీధి
రాంగ్ మె మీద నాకు కోపం లేదు బ్రదర్. కానీ తొట్టి ధర కట్టినరోజు మొదటి పీత ఆవిరిదే కావాలి. అది రుచి కోసం ఎంతో, సాక్ష్యం కోసం అంతే. బతికుండగా ఉడికిన పీత కండ డొప్పనుంచి విడివడి పోగుపోగుగా వస్తుంది. ముందే చచ్చినది డొప్పకు అతుక్కుని జావలా ఉంటుంది. పీత చావగానే దాని జీర్ణరసాలు కండనే తినడం మొదలుపెడతాయి, అందుకే. రొయ్య, లాబ్‌స్టర్ అయితే తోక గట్టిగా ముడుచుకుని, లాగి వదిలితే వెనక్కి కొడుతుంది. తోక వదులుగా సాగిందంటే అనుమానించాలి. ఆవిరి పట్టిన గ్రూపర్ చేపకి కన్ను తెల్లగా ఉబికి, రెక్కలు నిక్కి, వీపు చర్మం చిట్లి ఉండాలి. చింతపండులో ముంచాక ఇవన్నీ ఎక్కడ చూస్తారు?

ఆవిరి పీత బాగోలేదంటే వంటింటి పొరపాట్లు రెండు. బతికిన పీతను నేరుగా వేడిలో పడేస్తే కాళ్లు విదిలించుకుంటుంది, ఆ కీళ్లలోంచి రసం కారిపోతుంది. ముందు 15 నుంచి 20 నిమిషాలు ఐసునీళ్లలో ఉంచితే మత్తులోకి జారుతుంది, కాళ్లు ఊడవు. రెండోది, ఎక్కువసేపు ఉడికించడం. 600 గ్రాముల మండపీతకు నీరు మరిగాక 15–18 నిమిషాలు చాలు. రద్దీ రోజున స్టీమర్లో అన్నీ కలిపి పడేసి మరిచిపోతారు. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య కాకుండా ఐదున్నరకు వెళితే తేడా తెలుస్తుంది.

పులుసు పక్షం
మసాలా వాసనను దాచుతుంది, ఒప్పుకుంటా. జావ కండను దాచదు. చచ్చిన పీతను చింతపండులో వేసినా కొరకగానే తెలుస్తుంది, నాలుకకి పంటికి తేడా ఉంది. ఇంకోటి, వేయించే వంటకు పెద్ద పీత అక్కర్లేదు, 350–400 గ్రాములవి రెండు చాలు, వాటి కిలో ధర పెద్దవాటికంటే తక్కువ. ఆవిరివాళ్లే 700 గ్రాముల మీద పడి ధర పెంచుతున్నారు. రాంగ్ మె తియ్యగా ఉందనేవాళ్లు 'ఇత్ డుఓంగ్' (చక్కెర తక్కువ) అని చెప్పుకోవాలి, చెప్పకుండా వంటను తిట్టకూడదు.

ఆ నిమ్మ మిరియాల ఉప్పు విషయంలో మాత్రం ఒకటి చెప్పాలి. దాన్ని ముందే కలిపిపెడితే చేదెక్కుతుంది. తినేముందు పిండుకోవాలి. న్యా ట్రాంగ్ వైపునుంచి వచ్చిన పచ్చిమిర్చి ఉప్పు ఇంకా మేలు: పచ్చిమిర్చి, ఉప్పు, చక్కెర, నిమ్మరసం, నిమ్మాకు, అందులో కండెన్స్‌డ్ మిల్క్! వినడానికి వికారం. రొయ్యకి పెట్టి చూడండి, గోంగూరవాళ్లు కూడా నోరు మూస్తారు.

కర్నూలు కారం
మధ్యలో అడ్డొస్తున్నా. ఆల్చిప్పల మీద, స్కాలప్‌ల మీద ఉల్లికాడ నూనె పోసి కాల్చేదాంట్లో పంది కొవ్వు ఉంటుందా? మా గ్రూపులో తినరు.

సైగాన్ వీధి
ఉండొచ్చు. ఆ వంట పేరే 'మో హాన్', మో అంటే కొవ్వు, హాన్ అంటే ఉల్లికాడ. పాత పద్ధతిలో పంది కొవ్వే. ఇప్పుడు చాలాచోట్ల వంటనూనె వాడతారు, అయినా అడగకుండా నమ్మొద్దు. 'ఖోంగ్ మో హెవో' (పంది కొవ్వు వద్దు) అని ఫోన్లో రాసి చూపించండి. పైన వేరుశెనగ పొడి చల్లుతారు, అలర్జీ ఉన్నవాళ్లు చూసుకోవాలి. అనుమానం ఎందుకనుకుంటే నిమ్మగడ్డితో ఆవిరి పట్టిన 'చిప్ చిప్' గుల్లలు తెప్పించుకోండి, డనాంగ్ బల్లల మీద అవి లేని రోజుండదు, చవక కూడా. నోరు తెరవని గుల్లను పక్కన పెట్టేయండి. శాకాహారుల సంగతంటారా, తూటికూర వేపుడులో కూడా ఆయిస్టర్ సాసో చేప సాసో పడుతుంది. వాళ్లకి 'ఆన్ చాయ్' (శాకాహారం) అని బోర్డున్న చోటే భోజనం, సముద్రం దగ్గర కాదు.

పొదుపరి
ఇంత తంటా దేనికి? బజారులో కొని, వండిపెట్టే కొట్టుకిస్తే సరిపోదా.

కౌంట్ నలభై
చేపకీ స్క్విడ్‌కీ సరిపోతుంది అండి, పీతకి కాదు. స్క్విడ్ తొట్టిలో ఎక్కువసేపు బతకదు, పడవ మీద ఐసులో పెట్టినదే తొట్టిలో నీరసించినదానికంటే నయం. చర్మం మీది చుక్కలు ఇంకా రంగులు మారుతుంటే మంచిది, మొత్తం పాలిపోయి గులాబీ రంగుకు తిరిగితే వద్దు. మాన్ థాయ్ ఒడ్డుకి తెల్లవారుజామున పడవలొస్తాయి, ఐదు ఆరు మధ్య వెళ్లాలి. వండే కొట్టు కూలి కిలోకా, వంటకా అని ముందే తేల్చుకోండి. రెండు రకాల వంట చెబితే కూలి రెండుసార్లు. నలుగురికి లోపైతే మిగిలేది చాలా తక్కువ, తెల్లవారుజాము నిద్ర పోవడం ఖాయం.

లెక్కల మాస్టారు
ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా: ముందు ధర రాయించుకుంటే తూకంలో మోసం తగ్గుతుంది. కానీ ఇన్ని జాగ్రత్తలు గుర్తుపెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఆ పద్ధతి. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే కాటా సున్నా ఎవరు చూస్తారు?

పైగా బిల్లు తూకంతో ఆగదు. బల్ల మీద ముందే పెట్టిన తడి తువ్వాలుకి డబ్బు, పల్లీలకి డబ్బు, పిట్టగుడ్లకి డబ్బు. ముట్టకపోతే కట్టక్కర్లేదు, 'వద్దు' అని వెనక్కిచ్చేయండి. పన్ను ధరలో కలిపారా విడిగానా అడగండి. టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ రోజుల్లో అదనపు రుసుం వేస్తారు, అది గోడ మీద రాసి ఉండాలి.

సైగాన్ వీధి
పిల్లలున్న కుటుంబానికి మీ మాట సబబే. వాళ్లకి ఒక ఉపాయం: 1.2 కిలోల గ్రూపర్ ఒక్కటి తూయించండి. నడుము భాగం అల్లం, సోయాతో ఆవిరి, తల, ముల్లు పుల్లటి 'లౌ' (బల్ల మీద ఉడికే పులుసు కుండ) పెట్టమనండి. ఒకే తూకం, రెండు వంటలు, ముళ్లేరే బాధ తక్కువ, నలుగురికి అన్నంతో సరిపోతుంది. అన్నం విడిగా చెప్పాలి, అడక్కపోతే తేరు. లాబ్‌స్టర్ తీసుకున్నవాళ్లు తలకాయతో గంజి ('చావ్') చేయమనండి, తలలో ఉన్న కొవ్వంతా అందులోకే దిగుతుంది. మనవాళ్లు తల వదిలేసి తోక మాత్రమే తిని ఖరీదెక్కువంటారు.

పులుసు పక్షం
ఆ గంజిలో మిరియాలు దండిగా వేయించుకోండి. ఆవిరి పక్షంతో నాకున్న ఒకే ఒక రాజీ అది.

పొదుపరి
అక్టోబరులో వెళుతున్నాం. పౌర్ణమికి పీతలు ఖాళీగా ఉంటాయంటారు, తేదీ చూసుకోవాలా?

కౌంట్ నలభై
వెన్నెల రాత్రుల్లో పీత మేతకి రాదని అక్కడా చెబుతారు, మన తీరంలోనూ చెబుతారు. తొట్టిలో ఎన్నాళ్లనుంచో ఉన్న పీతకి ఏ పౌర్ణమి లెక్క చెబుతారండి? నొక్కి చూసుకోండి. మీరు చూసుకోవాల్సింది వాన. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అటు తుపాన్లు, అక్టోబరు, నవంబరుల్లో మరీను. పడవలు రేవు దాటని వారంలో తొట్లలో ఉన్నది పాత సరుకే, ధర మాత్రం కొత్తది. వెళ్లిన రోజుకి ముందు రెండు మూడు రోజులు సముద్రం ఎలా ఉందో హోటల్ రిసెప్షన్‌లో అడగండి. పడవలు వెళ్లలేదంటే ఆ పూట చిప్ చిప్ గుల్లలు కూడా వద్దు, 'మీ క్వాంగ్' అనే అక్కడి నూడుల్స్ తినేసి పడుకోండి.