సైకిల్ మీద వాచీ గుండె వేగం తక్కువ చూపిస్తోంది

నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దాకా వారానికి మూడు రోజులు సైకిల్ తొక్కుతాను, మిగతా రోజులు పరుగు. పరుగులో వాచీ బాగానే ఉంది. సైకిల్ మీద మాత్రం పది నిమిషాలు దాటాక, ఎదురుగాలికి రొప్పుతూ తొక్కుతున్నా 92, 95 దగ్గరే ఆగిపోతోంది. మొన్న ఆగిన వెంటనే మెడ దగ్గర వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెడితే 37, అంటే 148! హ్యాండిల్ వదిలి చెయ్యి కిందికి వేలాడేస్తే అర నిమిషంలో అంకె పెరుగుతుంది, పట్టుకుంటే మళ్ళీ పడిపోతుంది. జీపీఎస్ దూరం సరిగ్గానే వస్తోంది.

పట్టీ బిగించాను, మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైకి జరిపాను, సెన్సర్ మీద చెమట తుడిచాను, సైక్లింగ్ మోడ్ పెట్టాను, అప్‌డేట్ కూడా చేశాను. మార్పు లేదు.

దండకు కట్టే సెన్సర్ పట్టీ సైకిల్ మీద నమ్మకంగా చూపిస్తుందా, లేక ఛాతీ పట్టీయే కొనాలా? వాడినవాళ్ళు చెప్పండి.