గుర్రం థెరపీలో 70 శాతం మెరుగైందట, దేంట్లో?

కాజీపేట నాన్న:
మా బాబుకు ఆరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద అదుపు తగ్గే సమస్య. గోడో చెయ్యో పట్టుకుని నడుస్తాడు. మూడు నెలల నుంచి ప్రతి ఆదివారం పొద్దున రైలెక్కి హైదరాబాద్ శివార్లలో ఒక ఫామ్‌కు తీసుకుపోతున్నాం, అక్కడ ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు, రోజువారీ పనులు నేర్పే థెరపిస్టు) మేడం గుర్రం మీద అరగంట థెరపీ చేయిస్తారు. మొన్న రిపోర్టు ఇచ్చారు, "బ్యాలెన్స్ 70 శాతం మెరుగైంది" అని. దేంట్లో 70 శాతం అని అడిగితే "పిల్లాడి ముఖం చూడండి సార్, తెలియట్లేదా" అన్నారు. ముఖం వెలిగిపోతుంది, కాదనను. కానీ రైలు, ఆటో, ఫీజు అన్నీ కలిపితే నెలకు మా ఇంటి కిరాయంత అవుతోంది. కొనసాగించాలా, ఆపాలా?

సుబేదారి లెక్కలు:
అన్నా, మొదటి రోజు ఏదీ కొలవకుండా మూడో నెలలో శాతం ఎట్లా వచ్చింది? ఆ మూడు నెలల్లో పిల్లాడు పెరిగాడు, మామూలు ఫిజియోథెరపీ కూడా నడిచే ఉంటుంది, బడి కూడా ఉంది. మార్పంతా గుర్రం ఖాతాలోకే ఎందుకు పోవాలి? ఆస్ట్రేలియాలో సీపీ ఉన్న 99 మంది పిల్లలతో, 4 నుంచి 12 ఏళ్ల వాళ్లతో, కొందరితో 10 వారాల రైడింగ్ చేయించి చూశారు, ఆ అధ్యయనం 2009లో వచ్చింది. గుర్రం ఎక్కినవాళ్లకూ ఎక్కనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్నడిగితే ఆ డబ్బు దాచిపెట్టండి.

ఓటీ అక్క:
తమ్మీ, సగం చెప్పి వదిలేయకు. 2015లో కొరియా వాళ్ల అధ్యయనం కూడా ఉంది. 92 మంది సీపీ పిల్లలు, సగం మందికి గుర్రం మీద వారానికి రెండుసార్లు అరగంట, 8 వారాలు. మిగతా సగం మందితో ఇంట్లో వ్యాయామం చేయించారు. గుర్రం గుంపుకు జీఎంఎఫ్ఎం (కూర్చోవడం, నిలబడటం, నడవడం లాంటివి కొలిచే పరీక్ష) స్కోరు పెరిగింది, బ్యాలెన్స్ కూడా. నువ్వు చెప్పిన ఆస్ట్రేలియాది రైడింగ్ క్లాసు, అది వేరు, థెరపిస్టు గుర్రం నడకను వాడుకుని చేయించే పని వేరు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. మనం నడిచేటప్పుడు మన నడుం కదిలేది కూడా దాదాపు అట్లాగే. సొంతంగా నడవలేని పిల్లాడి నడుముకు ఆ కదలిక ఇంకెక్కడ దొరుకుతుంది?

అయినా కాజీపేట అన్నా, మీరు వెళ్లేది వారానికి ఒక్కసారే. కొరియా ఫలితం మీకు అట్లాగే వస్తుందని నేను కూడా చెప్పలేను.

మానుకోట అమ్మ:
అన్నీ స్కోర్లేనా? మా పాపకు ఆటిజం, తొమ్మిదేళ్లు. బస్సెక్కితే అరుపులే. గుర్రం దగ్గరికి పోయిన రోజు మాత్రం రాత్రి హాయిగా పడుకుంటుంది. ఇది ఏ ఫారంలో రాయాలి? ఇంకో మాట, ఎవరూ బయటికి అనరు గానీ మా భయం వేరే. బాగుపడిందని ఎక్కడైనా రాసిస్తే రేపు సదరం క్యాంపులో వైకల్యం శాతం తగ్గించేసి 4,016 పింఛను ఆపేస్తే? అందుకే కొలతలంటేనే టెన్షన్.

సుబేదారి లెక్కలు:
అక్కా, ఆ భయం నాకు తట్టనే లేదు, నిజం. కానీ ఆ శాతం వేరే సంగతి. సర్టిఫికెట్ కోసం ఆటిజానికి వాడే ఐఎస్ఏఏ అనే పరీక్షలో 40 ప్రశ్నలుంటాయి, ఆటిజం ఉందా, ఎంత ఉందా అని తేల్చడానికి. మూడు నెలల థెరపీ పని చేసిందా అని చూడటానికి చేసింది కాదు.

పాప నిద్ర గురించి అన్నారు కదా, అట్లాంటివి కూడా కొలిచినవాళ్లున్నారు. అమెరికాలో 2015లో 6 నుంచి 16 ఏళ్ల 127 మంది ఆటిజం పిల్లలను తీసుకుని సగం మందిని గుర్రం ఎక్కించారు, మిగతావాళ్లకు అదే గుర్రపుశాలలో గుర్రం లేకుండా, బొమ్మ గుర్రంతో కార్యక్రమాలు పెట్టారు. ఎక్కినవాళ్లలో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువ తగ్గాయి. అయితే ఆ ఫారాలు నింపింది పిల్లల్ని చూసుకునేవాళ్లే, ఎవరు గుర్రం ఎక్కారో వాళ్లకు తెలుసు. నాకు అక్కడే అనుమానం.

బరాత్ గుర్రం:
హన్మకొండలో మావి రెండు గుర్రాలున్నాయి, పెళ్లిళ్లకు తిప్పుతాం. సాదు జీవాలు. అంత దూరం పోవుడెందుకు, మా దగ్గరికే తీసుకురండి, అరగంటకు 300 ఇస్తే చాలు.

ఓటీ అక్క:
అన్నా, మనసు మంచిదే, కానీ వద్దు. బ్యాండు వినగానే ఎగరడం నేర్చిన గుర్రమది. ఈ పనికి పగ్గం పట్టేవాళ్లు ఒకరు, అవసరమైతే చెరో పక్కన ఒకరు, వాళ్లకు తోడు థెరపిస్టు ఉండాలి. తుంటి కీలు జారిన పిల్లలను ఎక్కించకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకలు వదులుగా ఉన్నాయేమో ముందే డాక్టరుతో చూపించుకోవాలి. బరాత్‌లో ఎక్కించి ఫోటో దిగితే అది సరదా, అంతే.

కాజీపేట అన్నా, నేను చెప్పేది ఒక్కటే. గుర్రం మీద ఎంత నిటారుగా కూర్చున్నాడో కొలవకండి, వాడు గుర్రం మీద బతకడు కదా. ఇంట్లో, బడిలో మీకు ఇబ్బందిగా ఉన్న మూడు పనులు ఎంచుకోండి. ఒక్కోదానికి పదికి ఎన్ని, ఎంత బాగా చేస్తున్నాడు, మీకు ఎంత తృప్తి అని రాసుకోండి. సీఓపీఎం అంటారు, 1 నుంచి 10 స్కేలు, రెండు పాయింట్లు కదిలితే లెక్కలోకి తీసుకుంటాం. ఆ ఫామ్ మేడం మొదటి రోజే చేయాల్సింది, చేయలేదు, అది వాళ్ల తప్పే.

సుబేదారి లెక్కలు:
దీనికి నేను ఒప్పుకుంటా. ఇంకొకటి కలపండి. బతుకమ్మ, దసరాకు ఎట్లాగూ హైదరాబాద్ పోలేరు, ఆ నాలుగు వారాలు గుర్రం మాని మళ్లీ మార్కులు వేయండి. పనులు చేసేటప్పుడు వీడియో తీసి, తేదీ కనబడకుండా కలిపేసి బడిలో టీచరమ్మకు చూపించండి, ఏది ముందుదో ఏది తరువాతిదో చెప్పకుండా. మార్కులు ఆమె వేయాలి, మీరు కాదు.

మానుకోట అమ్మ:
పాపం టీచరమ్మ, మధ్యాహ్న భోజనం చూడాలా, మీ వీడియోలు చూడాలా 🙂

కాజీపేట నాన్న:
రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని రాశాం. సాక్సులు వేసుకోవడం, స్నానానికి పీట మీద కూర్చుని మగ్గుతో సొంతంగా నీళ్లు పోసుకోవడం, బడిలో గోడకు ఆనుకోకుండా కూర్చుని అన్నం తినడం. దసరా దాకా ఆదివారాలు పోతాం, తరువాత ఆపి చూస్తాం. మొదటిదానికే గొడవైంది, సాక్సులకు నేను 4 వేశాను, ఆమె 2 వేసింది. పొద్దున వాణ్ని బడికి తయారుచేసేది ఆమే కాబట్టి 2 అనే రాశాం.